అమ్మ తోమిన వెండి కప్పు

మా మనవరాలు రగ్బీ ఆడుతుంది. ఆడపిల్లవి, మోకాళ్ళు ఇలా చెక్కుకుపోతే ఎలాగే అని నేనంటే "ఇట్స్ ఫైన్ అమ్మమ్మా" అని ఒక్క ముక్కతో నా నోరు మూయిస్తుంది. తెలుగంతా అర్థమవుతుంది దానికి. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. శనివారాలు దాన్ని మైదానం దగ్గర దింపడం, ఆటయ్యాక ఎక్కించుకుని రావడం నా వంతు. వచ్చేదారిలో, సిడ్నీలో మనవాళ్ళ కొట్లుండే పెండిల్ హిల్‌లో ఆగి కూరలు కొనుక్కుంటాం.

మొన్నొక శనివారం కొట్లో గోంగూర వచ్చింది. ఎర్ర కాడలది, లేతగా ఉంది. నేను కట్టలు తెచ్చి కారులో పెట్టేసరికి అది వెనక సీట్లో టాబ్లెట్టు చూసుకుంటూ కూర్చుంది. బడిలో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు నాలుగూ కలిసి మొట్టమొదటిసారి రగ్బీ పోటీలు పెట్టుకున్నాయి కదా, దాని గురించి రాయాలట. "అమ్మమ్మా, లుక్. దిస్ కప్ హాజ్ కోబ్రాస్" అంటూ ముందుకు వంగి, తెర నా మొహం ముందు పెట్టింది.

వెండి కప్పు. పట్టుకోవడానికి చుట్టూ మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. కలకత్తాలో తెల్లదొరల రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలన్నీ కరిగించి చేయించి ఇంగ్లండుకి పంపిన కప్పు అది. ఇదంతా మనవరాలు నాకు చదివి వినిపించబోయింది. నాకు తెలుసులేవే అన్నాను.

పక్క సీట్లో గోంగూర, కళ్ళ ముందు ఆ పాములు. ఆ రెండూ ఒక్కచోట చూసి ఒక జీవితకాలం అయింది. కోపాలు పాతబడతాయంటారు గానీ, నాది పాతబడలేదు. కారు తాళం ఒళ్ళో పెట్టుకున్నాను.

మేమప్పుడు ఉత్తరాన క్వీన్స్‌లాండులో, చెరకు పండే ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఆ ఊరి ఆస్పత్రిలో డాక్టరు. గుంటూరు నుంచి మద్రాసు, మద్రాసు నుంచి ఓడ. అమ్మ తన కాపురం సామానంతా ఆ ఓడలోనే తెచ్చుకుంది. ఇత్తడి బిందె, గంగాళం, చెంబులు, దీపపు కుందులు. కస్టమ్స్ వాళ్ళు వాటిని చూసి వీళ్ళు హోటలేమైనా పెడతారా అని నవ్వారట. ఆ ఊళ్ళో మాది ఒక్కటే తెలుగిల్లు. ఆ మాటకొస్తే మన రంగు మనుషులున్న ఇల్లే మాది ఒక్కటి.

మిల్లులో చెరకు ఆడడం మొదలైతే ఊరంతా పాకం మాడిన వాసన. తలకి పోసుకున్నా జుట్టులోంచి పోయేది కాదు. సాయంత్రాలు తోటలు తగలబెట్టేవాళ్ళు, ఆకు కాలిపోతే గడ కొట్టడం తేలికని. ఆకాశం ఎర్రబడేది. కాసేపటికి నల్లటి బూడిద పేలికలు పేలికలుగా పెరట్లో రాలేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ తిట్టుకుంటూ తీగల మీద బట్టలు లాక్కుని లోపలికి పరిగెత్తేవాళ్ళు. మా అమ్మ ఒక్కతే చేట పట్టుకుని బయటికి వచ్చేది. ఆ బూడిదంతా ఎత్తి బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. ఇత్తడి తోమడానికి ఇంత మంచి బూడిద మా ఊళ్ళో కూడా దొరకదని ఆవిడ సంబరం. కొబ్బరి పీచు, చింతపండు, ఆ బూడిద. ఆదివారం పొద్దున పెరటి మెట్ల మీద కూర్చుని తోమిందంటే మా బిందెలు ఎండలో చూడలేకపోయేవాళ్ళం.

చెరకు మోసే బుల్లి రైలు మా బడి వెనక నించి నత్తలాగా పోయేది. పిల్లలం దాని పక్కన నడుస్తూ గడలు లాగేవాళ్ళం. కాలిన చెరకు నమిలితే మూతంతా నలుపు. ఎవరింటికి వెళ్ళినా దొంగతనం మొహానే రాసి ఉండేది కాబట్టి, దాచి లాభం లేదని నేను ఇంకో రెండు గడలు లాగి ఇంటికి తెచ్చేదాన్ని. అమ్మ తిడుతూనే ఒకటి నమిలేది.

మా పక్కింట్లో ఒక ఆంటీ ఉండేది. ఎర్రటి చేతులు, పెద్ద నవ్వు, ఎప్పుడూ ఏప్రాను. వాళ్ళ కంచె పొడుగునా గోగు మొక్కలు. అక్కడ వాళ్ళు రోజెల్లా అంటారు. ఆవిడ ఆ ఎర్ర కాయల చుట్టూ ఉండే రేకులతో జాము వండి, ఆకంతా దూసి చెత్తలో పోసేది. మేం ఆ ఊరు వెళ్ళిన కొత్తలో అమ్మ వంటింటి కిటికీలోంచి అది చూసి గుండె పట్టుకుంది. గోంగూర చెత్తలో పోస్తున్నారే అని నన్ను పరిగెత్తించింది. నేను వెళ్ళి, మా అమ్మకి ఆ ఆకు కావాలట అని చెప్తే ఆవిడ నమ్మలేదు. మేకల్ని పెంచుతున్నారా అని అడిగింది.

అక్కడ మొదలైంది వాళ్ళ స్నేహం. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. కంచెకి అటొకరు ఇటొకరు, మధ్యలో నేను. ఆకు ఇటొచ్చేది, పచ్చడి అటు వెళ్ళేది. ఆవిడ ఆ పచ్చడి రొట్టె మీద పూసుకుని తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ సీసా పంపేది. బదులుగా జాము వచ్చేది. నాకు పచ్చడి కంటే అదే ఎక్కువ ఇష్టం. వాళ్ళాయన ఆ ఊరి రగ్బీ క్లబ్బుకి అధ్యక్షుడు. ఆస్పత్రి కమిటీలోనూ ఆయనే పెద్ద. నాన్న ఉద్యోగం ఎప్పటికప్పుడు పొడిగించేది ఆ కమిటీయే.

రగ్బీ అంటే నాన్నకి మొదట ఏమీ తెలీదు. విరిగిన ముక్కులూ జారిన భుజాలూ సరిచేస్తూ చేస్తూ నేర్చుకున్నాడు. ప్రతి శనివారం మందుల సంచీ పట్టుకుని గీత పక్కన నిలబడేవాడు, నన్ను వెంటబెట్టుకుని. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోంచి వచ్చే నొప్పి నూనె వాసన, తడి గడ్డి, బయట పెనం మీద ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఆటయ్యాక మేమిద్దరం ఒక్కో సాసేజి తినేవాళ్ళం. మా ఇంట్లో మాంసం లేదు. తిన్నాక నాన్న జేబులోంచి లవంగాలు తీసి నాకొకటి ఇచ్చి తనొకటి బుగ్గన పెట్టుకునేవాడు. "అమ్మకి చెప్పకే చిట్టీ" అనేవాడు. మేం గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ, లవంగం వాసన గుప్పుమంటోంది, ఇవాళ మీవాళ్ళు గెలిచారా ఓడారా అని అడిగేది. ఆవిడకి తెలుసునని మాకు తెలుసు. ఆ రోజుల్లో మా ఇల్లు అలా ఉండేది. ఇది చెప్పకుండా తక్కినది చెబితే నాన్నకి అన్యాయం చేసినదాన్నవుతాను.

ఆటల కాలం ముగిసేటప్పుడు ఆ ఊళ్ళో ఒక పండగ చేసేవాళ్ళు. రాణి గారి కాలపు నాలుగు దేశాల పోటీల్ని తల్చుకుని ఊరు నాలుగు ముక్కలయ్యేది. ఎవరి తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారో ఆ జట్టు. ఆ రోజు ఆట కూడా పాత పద్ధతిలోనే. గీత దాటి బంతిని నేలకి ఆనించినా లెక్కలోకి ఏమీ రాదు, గోలుకి ఒకసారి తన్నే అవకాశం మాత్రం ఇస్తారు. తర్వాత హాల్లో భోజనాలు, నాలుగు బల్లలు. వేల్సు వాళ్ళెప్పుడూ తక్కువ పడేవాళ్ళు కాబట్టి, చెరకు తోటల ఇటలీ వాళ్ళందర్నీ ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టేవాళ్ళు. మమ్మల్నీ అక్కడే. మనం వేల్సు అని నాన్న ఇంట్లో గర్వంగా చెప్పేవాడు. మరి మన గోత్రం కూడా వాళ్ళదేనా అని అమ్మ ఏడిపించేది.

భోజనాల్లో అధ్యక్షుడు లేచి ప్రతి ఏడూ అవే కథలు చెప్పేవాడు. ఒక పాత పోటీలో ఒకే ఒక్క స్కోరు చెల్లుతుందా చెల్లదా అని ఇంగ్లండు, స్కాట్లండు గొడవపడి, మరుసటి ఏడు మొహాలే చూసుకోలేదని ఒక కథ. ఆ ఊరి కప్పు కథ ఇంకోటి. కలకత్తా కప్పు సంగతి విని వాళ్ళ తాత ఇంటింటికీ తిరిగాడట. ఇంటికో వెండి నాణెం, కొందరు చెంచాలు కూడా ఇచ్చారట. అన్నీ కరిగించి అచ్చం అలాంటి కప్పే చేయించుకొచ్చాడట, మూడు పాములతో, ఏనుగుతో. ఈ కప్పులో మీ అందరి తాతల వెండి ఉందని ఆయన అనగానే అందరూ గ్లాసులెత్తేవాళ్ళు. మా తాత వెండి అందులో లేకపోయినా నాన్నా ఎత్తేవాడు, నిమ్మరసం గ్లాసు.

ఆ ఏడు పండక్కి రాజధాని నుంచి పెద్దమనిషి ఎవరో వస్తున్నాడన్నారు. ఏదో ఒక వేడుక కావాలి. కప్పు అసలు కథ ఇండియాది కాబట్టి డాక్టరుగారు తలపాగా కట్టుకుని, మీ దేశపు బట్టల్లో, బండి మీద కప్పుని ఊరేగింపుగా తెస్తే బాగుంటుందని అధ్యక్షుడు అడిగాడు. నాన్న పొంగిపోయాడు. ఇంటికొచ్చి, చూశావా, మనకి ఎంత గౌరవమిస్తున్నారో అన్నాడు.

అమ్మ ఒకటే అడిగింది. "కప్పు మోసేవాడు ఏ జట్టండీ?"

నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. అమ్మ మళ్ళీ అడగలేదు. పెట్టె అడుగునుంచి పెళ్ళినాటి పట్టుపంచె తీసి ఎండలో వేసింది. కర్పూరం ఉండల వాసన ఇంటి నిండా కమ్ముకుంది.

పండగకి ముందు రోజు మధ్యాహ్నం ఆంటీ కప్పు తెచ్చింది. దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చింది. చాలా ఏళ్ళుగా అద్దాల బీరువాలో ఉండి నల్లబడిపోయింది. మీ గిన్నెలు భలే మెరుస్తాయిగా, దీనికీ ఆ పని చెయ్యమని అడిగింది. "గివ్ ఇట్ ఎ గుడ్ స్క్రబ్, లవ్" అంది అమ్మ వైపు చూసి. గట్టిగా తోమమంటోందమ్మా అని నేను చెప్పాను. అప్పటికి నాకు రెండు భాషలూ సమానంగా వచ్చు. తోముతున్నట్టు ఆవిడ చేత్తో చేసి కూడా చూపించింది.

అమ్మ దుప్పటి విప్పి మూడు పడగలు చూసింది. అంతే, ఆవిడ మొహం మారిపోయింది.

మర్నాడు నాగుల చవితి. ఆ ఊరొచ్చినప్పటి నుంచి అమ్మకి ఆ పండగ దిగులే. చెరకు తోటల అంచున చెదపుట్టలు బోలెడు, నిజం పాములకీ లోటు లేదు. ఒక ఏడు పాలూ చిమ్మిలీ పట్టుకుని వెళ్ళి పుట్టలో పోసి వస్తే, డాక్టరుగారి భార్య చెదపురుగులకి పాలు పడుతోందని ఊరంతా చెప్పుకున్నారు. నాన్న ఆ మాట విని చిన్నబుచ్చుకున్నాడు. ఆ తర్వాత అమ్మ వెళ్ళలేదు. అలాంటిది, పిలవకుండా ఇంటికే వచ్చాయి పాములు. ఆవిడ దృష్టిలో అది క్లబ్బు కప్పు కాదు.

పెరటి మెట్ల మీద కూర్చుని, చింతపండు గుజ్జు పట్టించి, బూడిదలో పీచు అద్ది, దేవుడి సామాను తోమినంత శ్రద్ధగా తోమింది. నేను నీళ్ళు పోశాను. ముందు నలుపు పోయింది. తెల్లగా మెరిసింది. ఇంకాస్త తోమింది. పడగల దగ్గర, పొలుసుల మీద, ఏనుగు వీపు మీద లోపల్నుంచి పసుపు రంగు తేలింది. అమ్మ చెయ్యి ఆపింది. వేలితో రుద్ది చూసింది. ఇత్తడి సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా. "ఇది ఇత్తడే" అంది నెమ్మదిగా. పైన పూత వేశారనీ, అది కాస్తా పోయిందనీ అంది. ఆవిడ గొంతులో భయమేమీ లేదు. మన బిందెల్లాంటిదేనని కాస్త సంతోషమే వినిపించింది నాకు.

పొద్దున్నే స్నానం చేసి, మూడు పడగలకీ పసుపూ కుంకుమా పెట్టి, కప్పులో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టింది. దణ్ణం పెట్టుకోకముందే నేను రెండు చిమ్మిలి ఉండలు మింగేశాను. కళ్ళు మూసుకునే, నీ బుగ్గల్లో ఏమిటే అని అడిగింది.

నాన్న తలపాగా కట్టుకునే హడావుడిలో కప్పు సరిగ్గా చూడనే లేదు. పాలు పారబోసి, కుంకం తుడిచి, దిండు మీద పెట్టుకుని బండెక్కాడు. ఊరు ఊరంతా వీధిలో నిలబడి చప్పట్లు కొట్టింది. పట్టుపంచె, తలపాగా, మెళ్ళో స్టెతస్కోపు కూడా వేసుకోమన్నారు ఎవరో, వేసుకున్నాడు. కొందరు వంగి వంగి సలాములు చేశారు. అవి వెక్కిరింపులని నాకు అర్థమైంది. మా బడి పిల్లలూ అలాగే చేసేవాళ్ళు. నాన్న మాత్రం అందరికీ నవ్వుతూ తలూపాడు.

మైదానం మధ్యలో ఎండ. నాన్న కప్పుని రెండు చేతులా పైకెత్తాడు. మూడు పడగలూ పచ్చగా మెరిశాయి. చప్పట్లు సద్దుమణిగిపోయాయి. అధ్యక్షుడు దగ్గరికొచ్చి బొటనవేలితో ఒక పడగ రుద్దాడు, కప్పులో ముక్కు పెట్టి వాసన చూశాడు. పాల వాసన. దీన్ని ఏం చేశారని అడిగాడు. వచ్చిన పెద్దమనిషి ముందు, నాలుగు జట్ల ముందు అడిగాడు.

అమ్మ నా పక్కనే ఉంది, గీత అవతల. నాన్న మా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగాడు.

"ఐయామ్ వెరీ సారీ సర్. మై వైఫ్ ఈజ్ ఎ విలేజ్ వుమన్. షి డజంట్ నో థింగ్స్."

ఆ మాటలు అర్థం కావడానికి అమ్మకి నా అవసరం లేకపోయింది. నా భుజం మీది చెయ్యి తీసేసింది. ఇంటి దారి పట్టింది.

ఆట ఆగలేదు. నాన్న తలపాగాతోనే గీత పక్కన నిలబడి, ఐర్లండు వాడెవడికో ముక్కులోంచి కారే నెత్తురు తుడిచాడు. ఆటయ్యాక అధ్యక్షుడు ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. నేను వెనకే ఉన్నాను. ఇది ఊరి తాతల వెండి, మీ ఇంటికి వెళ్ళేదాకా వెండే, అసలు వెండి కప్పు వెనక్కి వచ్చేస్తే మేం ఏమీ అడగం అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. ఓర్పుగా, జాలిగా చెప్పాడు. ఆ జాలిని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

ఇంటికొచ్చాక నాన్న తలపాగా విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళాడు. అమ్మ అన్నం వారుస్తోంది.

"నిజం చెప్పు. కప్పు ఇంట్లో ఉండగా ఎవరైనా వచ్చారా? ఎవరి చేతికైనా ఇచ్చావా?"

అమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. నాన్న మొహంలోకి చాలాసేపు చూసింది. ఏమీ చెప్పలేదు. ఇత్తడని అమ్మ నిన్ననే నాతో అందని నేను నోరు తెరిస్తే, నువ్వు ఊరుకో అని నన్నాపింది. నాన్న ఇంకాసేపు నిలబడి బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అమ్మ నన్ను పక్కింటికి పంపింది. తోమమని చెప్పింది ఆవిడే కాబట్టి, ఆ ఒక్క మాట వాళ్ళాయనతో చెప్పమని అడిగి రమ్మంది. ఆంటీ తలుపు సగమే తెరిచింది. నేను తుడవమన్నానంతే పిల్లా, తోమమని ఎప్పుడన్నాను అంది. నా కళ్ళలోకి చూడలేదు. తలుపు నెమ్మదిగా వేసేసింది. ఆవిడ చేతులకి పిండి ఉంది, గడియ మీద తెల్లటి వేళ్ళ ముద్రలు పడ్డాయి.

నాన్న జీతంలోంచి కోయించుకుని కప్పుకి మళ్ళీ వెండి పూత వేయించాడు. అధ్యక్షుడే స్వయంగా పట్నం పట్టుకెళ్ళి వేయించుకొచ్చాడు. గొడవ ముగిసిపోతుందని నాన్న అనుకున్నాడు. తప్పు చేయకపోతే డబ్బెందుకు కడతాడని ఊరు అనుకుంది. మామీద కేసు లేదు, నింద కూడా ఎవరూ నోరు తెరిచి వెయ్యలేదు. మేం కొట్లోకి వెళ్తే మాత్రం కొట్టువాడు గల్లా పెట్టె దగ్గరికి జరిగేవాడు. వానలు పడ్డాయి. కంచె పొడుగునా గోంగూర ఏపుగా పెరిగింది. ఒక్క ఆకు ఇటు రాలేదు. ఆవిడ దూసి చెత్తలో పోస్తుంటే, అమ్మ కిటికీ తలుపు వేసేసేది. కమిటీ ఆ ఏడు నాన్న ఉద్యోగం పొడిగించలేదు. సిడ్నీ వచ్చేశాం.

ఇత్తడి సామాను మొత్తం పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. మా ఇంట్లో ఇక అంతా స్టీలే, సబ్బు నీళ్ళే. నాగుల చవితి లేదు. నాన్నకి వేళకి అన్నం పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది, లోటేమీ చెయ్యలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆయన్ని ఏమండీ అని పిలవగా నేను వినలేదు. మీ నాన్నకి చెప్పు, మీ నాన్నని అడుగు. పెళ్ళయి నేను వెళ్ళిపోయాక ఎలా మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. ఒక్క స్కోరు మీద మొహాలు చూసుకోని ఆ రెండు దేశాలూ మళ్ళీ ఆడాయిగా. వీళ్ళు ఆడలేదు. నాన్న పోయినప్పుడు అమ్మ ఏడ్చింది. ఎవరి గురించి ఏడుస్తోందో నేను అడగలేదు.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను, ఆ పూట కారులో కూర్చునే. అది విని ఊరుకునే రకం కాదు. రాత్రికల్లా వెతికింది. మిల్లు ఎప్పుడో మూతపడిందట, క్లబ్బు కూడా ఈమధ్యే. అధ్యక్షుడూ ఆంటీ ఇద్దరూ పోయారు. హాలు సామాను ఎవరో పాత వస్తువుల వ్యాపారి అమ్మకానికి పెట్టాడు. అందులో కప్పు ఉంది. కొన్నాం. పెద్ద ఖరీదేం కాదు. ఊరి వాళ్ళు వెండి అంటారు గానీ ఇది ఇత్తడి అని అతను ముందే రాశాడు.

పార్శిలు వచ్చాక మనవరాలే అడుగున చెక్కపీట మరలు విప్పింది. కింద ఇత్తడిలో కొట్టిన ముద్ర ఉంది. కార్ఖానా గుర్తు, దాని కింద ఇత్తడి మీద వెండి పూత అని ఇంగ్లీషులో. తయారైన నాటిదే. ఊళ్ళో పోగుచేసిన వెండి ఎవరింటికి పోయిందో ఆ ముద్ర చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా. నా ఒళ్ళు మండించింది పక్కనున్న ఇంకో గీత. మళ్ళీ పూత వేసినవాడు తన పొడి అక్షరాలు సన్నగా గీకి పెట్టాడు, సరిగ్గా ఆ ముద్ర పక్కనే. అంటే వాడు చూశాడు, చూసి చెప్పకుండా ఉండడు. కప్పు వాడి చేతుల్లోంచి తెచ్చుకున్న అధ్యక్షుడికి ఆ వారమే తెలుసు. తెలిసీ మరలు బిగించి, అద్దాల బీరువాలో పెట్టి, ప్రతి ఏడూ మీ తాతల వెండి అని గ్లాసెత్తాడు.

"షి వజ్ రైట్ ఆల్ అలాంగ్" అంది మనవరాలు. దాని కళ్ళు మెరుస్తున్నాయి. ఆ వయసు వాళ్ళకి రుజువు దొరికితే న్యాయం జరిగినట్టే.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. కళ్ళు బాగానే కనిపిస్తాయి, వేళ్ళే వంకర్లు పోయాయి. కప్పు తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టి, తిరగేసి, ముద్ర చూపించి, అంతా చెప్పాను. గీకిన అక్షరాల గురించీ చెప్పాను. ఆవిడ మొహం వెలుగుతుందని ఎదురుచూశాను. సిగ్గు లేకుండా ఎదురుచూశాను.

అమ్మ ఒక పడగ మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"నాకెందుకే చూపిస్తావు ఇదంతా? తోమినదాన్ని నేనే కదా, నాకు ఆ రోజే తెలుసు." వేలు తీసేసింది. "మీ నాన్న ఇంకొక్కసారి అడుగుతాడేమోనని చూశాను. అడిగితే చెబుదామనుకున్నాను. పోయేదాకా అడగలేదు."

మనవరాలు తాతమ్మ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

అమ్మే అంది, చింతపండు నానబెట్టమని. బూడిద లేదు, ఉప్పు తెచ్చాను. పీచు దొరక్క గిన్నెలు తోమే స్టీలు పీచు తీసుకున్నాను. గట్టిగా రుద్దు అంది. రుద్దాను. నాన్న జీతంతో వేయించిన వెండి నల్లటి నీళ్ళయి సింకులోకి పోయింది. మూడు పడగలూ పచ్చగా తేలాయి, మైదానంలో నాన్న ఎత్తి పట్టుకున్నప్పుడు మెరిసినట్టే. ఎత్తి అమ్మకి చూపించాను. అమ్మ నా వెనకనున్న గుమ్మం వైపు ఒకసారి చూసింది. అక్కడ ఎవరూ లేరు.